చప్పుడు లేని మాట

“ఒక్కసారి అను మూక్కక్కా. ‘ఇది నా బిడ్డ’ అని. అంతే,” అన్నాడు సుబ్బురాజ్, కెమెరాను ముక్కాలి మీద బిగిస్తూ.

“అనను చిన్నయ్యా.”

“ఈ యంత్రానికి చెవుల్లేవు. పెదవులు కదిలితే చాలు. మాట ఎవరికీ వినబడదు.”

“వినేవాళ్ళు వింటారు,” అంది మూక్కమ్మాళ్, భుజం మీదుగా వెనక్కి చూసి. వెనక ఎవరూ లేరు. కోవిల్‌పట్టి దూదిమిల్లు కూలీల ఇళ్ళు, ఎండలో ఆరేసిన చీరలు, అంతే.

సుబ్బురాజ్ భూములున్న ఇంటికి దత్తత పోయినవాడు. తోటివాళ్ళు మోటారు బండ్లు కొంటుంటే తను చిన్న సినిమా కెమెరా కొన్నాడు. పరాయి బిడ్డల్ని పెంచిన తల్లుల మీద చిన్న చిన్న సినిమాలు తీయడం అతని పిచ్చి. తనను పెంచినావిడ బొమ్మ ఒక్కటైనా మిగుల్చుకోలేకపోయాడు పాపం. ఆ దిగులే అతన్ని ఇలా ఇల్లిల్లూ తిప్పుతోంది.

“వదిలెయ్యన్నా,” అంది గడపలో నిలబడ్డ కుప్పమ్మ. “ఇన్నేండ్లు అననిది ఇప్పుడంటుందా? నన్ను కుప్ప మీది నుంచి ఎత్తుకొచ్చిన పక్కింటి పాపమ్మాళ్ దగ్గర సోలెడు తవుడిచ్చి కొనింది. కుప్ప మీద దొరికినదానికి కుప్పమ్మ పేరే ఎక్కువ అనుకునింది. అత్తా అని పిలవమనింది. పిలస్తా ఉండాను.”

“అబద్దమా ఏమి? తవుడిచ్చే కొంటిని,” అంది మూక్కమ్మాళ్.

కుప్పమ్మకు తిండికి లోటు లేదు, బడికి లోటు లేదు. రేపో మాపో విరుదునగర్ ఆసుపత్రిలో నర్సు పనికి పోతోంది. లోటల్లా ఆ ఒక్క మాటకే. పసితనంలో అమ్మవారు పోసినప్పుడు అత్త కంటిమీద కునుకు లేకుండా వేపమండ విసురుతూనే, వీధికి వినబడేట్టు అరిచింది: “ఎవరు కన్న బిడ్డో! ఉంటే ఉంటుంది, పోతే పోతుంది, నాకేమి!” ఒళ్ళంతా మంటలతో పడుకున్న పిల్ల ఆ మాట మర్చిపోలేదు. ఎలా మర్చిపోతుంది?

ఏటా ఆడి నెల అమావాస్యకు మూక్కమ్మాళ్ ఒంటరిగా నరికుడి పక్కన తాము వదిలొచ్చిన పల్లెకు పోయేది. ఒకసారి కుప్పమ్మ పట్టుబట్టి వెంట వెళ్ళింది. నల్లరేగడి చేను గట్టున, తుమ్మచెట్టు కింద వరసగా నాలుగు చిన్న రాళ్ళు. అత్త వాటి మీద పాలు పోసింది.

“ఏమి సామి అత్తా ఇది?”

“చిన్న సాములు. నువ్వు దగ్గరికి రావద్దు.”

ఆ రాళ్ళకు పోసినన్ని పాలు కూడా తనకు ప్రేమగా పోయలేదని కుప్పమ్మకు లోపల ఒక ముల్లు.

“సరే, మాటలొద్దు,” అన్నాడు సుబ్బురాజ్ విసుగు దాచుకుని. “కుప్పమ్మా, బిందె తీసుకుని అలా బావి వైపు నడిచిపో. మూక్కక్కా, నువ్వు ఊరికే చూస్తూ ఉండు.”

కెమెరా గరగరలాడింది. కుప్పమ్మ వెనక్కి తిరగకుండా నడిచిపోయింది.

కుప్పమ్మ ఆసుపత్రిలో చేరే రోజున మూక్కమ్మాళ్ పెట్టె మోస్తూ విరుదునగర్ దాకా వచ్చింది. సుబ్బురాజ్ ఇద్దరినీ ఒక ఖాళీ పత్తి గోదాముకు తీసుకెళ్ళాడు. మధ్యాహ్నమే తలుపులు మూసి, కిటికీలకు గోనెలు కట్టి, గోడకు తెల్లపంచె వేలాడదీశాడు.

పంచె మీద కుప్పమ్మ బిందెతో నడిచిపోతోంది. వెనక మూక్కమ్మాళ్ నిలబడి ఉంది. కుప్పమ్మ దూరమయ్యేకొద్దీ ఆమె ముఖం వణికింది. చెయ్యి గాలిలోకి లేచింది. పెదవులు కదిలాయి, తెలుగు తెలిసిన ఎవరికైనా అర్థమయ్యేంత స్పష్టంగా.

నా బిడ్డ.

కుప్పమ్మ చివ్వున లేచింది. “అన్నా! ఇంకొక తూరి వెయ్యి!” అంది ఏడుస్తూ, నవ్వుతూ.

సుబ్బురాజ్ మళ్ళీ వేశాడు. పంచె మీద మూక్కమ్మాళ్ మళ్ళీ అంది.

“ఆపు!” అసలు మూక్కమ్మాళ్ కేక పెట్టింది. “చిన్నయ్యా, దీన్ని ఎన్ని తూర్లు వేస్తే అన్ని తూర్లూ అంటానా?”

“నూరేళ్ళ తర్వాత వేసినా అంటావక్కా.”

ఆమె అతని కాళ్ళ మీద పడిపోయింది. “ఆ ఫిల్ము తుండు కాల్చెయ్యి సామీ! నోరు జారింది. ఇక్కడే, ఇప్పుడే కాల్చెయ్యి!”

కుప్పమ్మ కన్నీళ్ళు అక్కడే ఇంకిపోయాయి.

“నన్ను బిడ్డ అనడం అంత అసయ్యమా నీకు?”

మూక్కమ్మాళ్ చీకట్లో ఎవరికోసమో వెతుకుతున్నట్టు మూలమూలకూ చూస్తోంది. సుబ్బురాజ్ ఆ ముక్క కత్తిరించి అగ్గిపుల్ల గీశాడు. అది ముడుచుకుని నల్లబడి, ఘాటు వాసన వేసింది. పూర్తిగా బూడిదయ్యేదాకా మూక్కమ్మాళ్ రెప్ప వెయ్యలేదు.

కుప్పమ్మ పెట్టె అందుకుంది. “నేను పోతా ఉండాను. నువ్వు నాకు ఏమీ కావు. నేను నీకు ఏమీ కాను.”

మూక్కమ్మాళ్ ముఖం తేటపడింది. “అట్ల చెప్పు! గట్టిగా చెప్పు కుప్పీ. అందరికీ వినబడేట్టు చెప్పు!”

ఇంత రాతిగుండె ఉంటుందా అన్నట్టు సుబ్బురాజ్ తల తిప్పుకున్నాడు. కుప్పమ్మ వీధిలోకి వెళ్ళి, గొంతు పగిలేలా ఆ మాటే అరిచి, వెనక్కి చూడకుండా నడిచిపోయింది.

ఆ పిల్ల మలుపు తిరిగేదాకా మూక్కమ్మాళ్ రెండు చేతులతో నోరు మూసుకునే నిలబడింది.

కుప్పమ్మకు ముందు తాను కని, తుమ్మచెట్టు కింద పాతిపెట్టిన నలుగురినీ ఆమె నోరారా ‘నా బిడ్డ’ అనే పిలిచింది.