మర్యాద మూడో విడతలో

“వద్దు.”

సమావేశపు గదిలో, బల్ల మధ్యనున్న స్పీకరు ఫోనులోంచి వచ్చిన ఆ ఒక్క మాటకు డైరెక్టరుగారు నొచ్చుకున్నారు. అరగంటసేపు తన ప్రణాళికను విడమరిచి చెప్పి, అభ్యంతరాలేమైనా ఉన్నాయా అని మాటవరసకు అడిగారాయన. జవాబింత పొట్టిగా వస్తుందనుకోలేదు.

ఆయన ఈ సంస్థకు కొత్త. ఫోనులో ఉన్న ప్రాజెక్టు లీడరును ఇంతవరకు చూడలేదు. ఆమె ఇంటినుంచే పనిచేస్తోంది. ఆమె గురించి మాత్రం చాలా విన్నారు. వాదనకు దిగితే ఎదుటివారికి ఊపిరి పీల్చుకునే సందు కూడా ఇవ్వదట. అందుకే గట్టిగా సిద్ధపడి వచ్చారు. తీరా చూస్తే ఆమె ఆయన్ని వాదనకైనా తగినవాడిగా ఎంచినట్టు లేదు.

మాట పడిపోయిన రోగులు తెరను తాకితే వారి తరఫున పలికే సాఫ్ట్‌వేరు తయారు కావాలి. అవసరాలన్నీ ముందే రాసి, నమూనా గీసి, ఆ తర్వాతే నిర్మాణం మొదలుపెట్టాలని, రెండేళ్లకు లోపమెరుగని వస్తువు అందించాలన్నది డైరెక్టరుగారి పద్ధతి. ఆమె బృందానిది వేరే దారి. రెండేసి వారాల విడతలు. మొదట గుప్పెడు విడి మాటలు, తర్వాత వాక్యాలు, మూడో విడతలో ‘అండీ’, ‘గారూ’. ప్రతి విడతా రోగుల చేతికిచ్చి, వారి అనుభవాన్నిబట్టి తర్వాతిది.

తన అనుమతి లేనిదే ఏ విడతా మొదలుకారాదని డైరెక్టరుగారు వచ్చీరాగానే ఆదేశించారు. ఈరోజు ఆమె దారికి రాకపోతే బృందాన్ని రద్దు చేయడానికీ నిశ్చయించుకున్నారు.

“ఎందుకు వద్దో సెలవివ్వండమ్మా,” అన్నారు, ఓపిక కూడదీసుకుని.

కాసేపు నిశ్శబ్దం. ప్రతి జవాబుకు ముందూ ఇదే వరస. పెద్దమనిషిని గుమ్మంలో నిలబెట్టినట్టు.

“ఇప్పుడు కావాలి.”

ఎత్తూ పల్లం లేని గొంతు. బల్లకు ఆ చివర కూర్చున్న, ఆమె బృందంలోని టెస్టరు తల వంచుకున్నాడు. నవ్వు దాచుకుంటున్నాడని డైరెక్టరుగారికి అనుమానం వచ్చింది.

“పటం గీయకుండా ఎవరైనా ఇల్లు కడతారా?”

“ఇల్లు వద్దు. నీళ్లు కావాలి.”

గదిలో ఎవరో మెల్లగా “అబ్బ” అన్నారు. తన ఉపమానాన్ని తనకే తిప్పికొట్టిందని డైరెక్టరుగారికి అర్థమైంది. అరకొర మాటలు రోగి చేతిలో పెట్టి, మిగతావి నిదానంగా ఇస్తామనడం వంచన కాదా అని నిలదీశారు.

“కాదు.”

రెండేళ్లు ఆగితే కొంప మునుగుతుందా అని అడిగారు.

“నొప్పి.”

ఇక ఆయన ఆగలేకపోయారు. తాను ముప్పై ఏళ్లు ఈ వృత్తిలో తల పండించుకున్నానని, ఇంతమందిలో ఒక్క ‘అండీ’ లేకుండా జవాబు చెప్పిన ఉద్యోగిని ఎన్నడూ చూడలేదని, మర్యాదను మూడో విడతకు నెట్టినవారి నుంచి ఇంతకన్నా ఆశించడం తన తప్పేనని—

“చాలు.”



డైరెక్టరుగారు బల్లమీదికి వంగారు. ఈసారి గొంతు తగ్గించి, ఒక్కో మాటా ఒత్తి పలికారు.

“ఆఖరిసారి అడుగుతున్నాను. మీరిచ్చే ఆ గుప్పెడు మాటలు ఎవరికి సరిపోతాయి? ఒక్క మనిషిని చూపించండి.”

నిశ్శబ్దం ఈసారి మరింత సాగింది.

“నాకు.”

“పొగరు మీకు సరిపోవచ్చు. రోగులకు చాలదు,” అంటూ ఆయన నిటారుగా లేచి, బృందం రేపటినుంచి ఉండదని ప్రకటించారు. కాగితాలు సర్దుకుని తలుపు వైపు నడిచారు.

టెస్టరు కుర్చీ తోసుకుని లేచి తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

“చెప్పొద్దని అక్క ఒట్టు వేయించుకుంది. జాలితో ఒప్పుకుంటే తనకక్కర్లేదంది. అయినా చెబుతున్నా.”

“తప్పుకోవయ్యా,” అన్నారు డైరెక్టరుగారు.

అతను తప్పుకోలేదు.

“ఆపరేషన్‌లో అక్క గొంతు తీసేశారు సార్, ఇంతసేపూ మీతో వాదించింది మీరు వద్దన్న మా మొదటి విడతే.”