హెల్త్ అసిస్టెంటు పథ్యం

"ఇంకా మానలేదేటి బాబూ?" నా మోకాలి కట్టు చూసి అడిగింది చిలకమ్మ.

మేమిద్దరం ఎక్కిన పెదబయలు సంత జీపు బోల్తాపడి నెలైంది. ఇద్దరికీ మోకాళ్లే చీరుకుపోయాయి. హెల్త్ అసిస్టెంటుని కనుక రెండు కట్లూ నేనే కట్టాను. ఆమెది మాని మచ్చే మిగిలింది.

"నువ్వు సెప్పినట్టే రోజూ పప్పు, గుడ్డు, ఉసిరికాయ తిన్నాను. మరి నువ్వేటి తింటన్నావు?"

"చారన్నం," గొణిగాను. "పప్పూ గుడ్డూ తింటే చీము పడుతుందని మా అమ్మ..."

"మాయమ్మా అదే అంది. నిన్ను నమ్మి అమ్మ మాట ఇన్నేదు."

ఆరోగ్య ఉపకేంద్రం గోడమీద నేనే అంటించిన గుడ్డు బొమ్మ పోస్టరు వైపు చూడలేకపోయాను.

చిలకమ్మ సంచిలోంచి రెండు నాటుగుడ్లు తీసి బల్లమీద పెట్టింది. "బేగి ఉడకెట్టుకో."

ఆ రోజు ఆరోగ్యబోధ రిజిస్టరులో, విన్నవారి గడిలో నా పేరే రాసుకున్నాను.