బ్యాండ్ జారితే?

కుర్చీ చేతుల మధ్య ప్రిస్కిల్లా ఇరుక్కుపోయింది.

రాజమండ్రిలో ఆ ఆసుపత్రి వరండా అంతా ఆమెనే చూస్తోంది. ఎవరో కిసుక్కున నవ్వారు.

పక్కనున్న ముసలావిడ లేచి, కుర్చీని కాలితో తొక్కిపట్టింది.

“ఇప్పుడు లేవమ్మా. నవ్వేవాళ్లని నవ్వనీ.”

ప్రిస్కిల్లా లేచి బల్ల మీద కూర్చుంది. పెద్దాపురంలో టీచరామె. నూట ముప్పై కిలోల బరువు. క్లాసులో కాసేపు నిలబడితే మోకాళ్లు విరిగిపోతున్నాయి. బరువు తగ్గడానికి పొట్టలో బ్యాండ్ వేయించుకుందామని తమ్ముడు లాజరుతో వచ్చింది.

“డాక్టరు రెండు పద్ధతులు చెబుతాడు,” అంది ముసలావిడ. “ఏది చేయించుకున్నా సరే, బ్యాండ్ జారితే ఎలా తెలుస్తుందో అడుగు. అప్పుడెవరు చూస్తారో అడుగు.”

లాజరుకి ఒళ్లు మండింది.

“భయపెడతారేంటండీ? వేరే ఏ ఆసుపత్రివాళ్లు పంపారు మిమ్మల్ని? ముందు బయటికెళ్లండి!”

ఆవిడ తల వంచలేదు.

“వెళ్తాను బాబూ. వచ్చే సోమవారం మళ్లీ వస్తాను. అమ్మా, నువ్వు మాత్రం అడగడం మానకు.”

గొడుగు తీసుకుని మెట్లు దిగిపోయింది. ప్రిస్కిల్లా ఆపలేదు.

లోపల డాక్టర్ మణిశంకర్ కాగితం మీద బొమ్మ గీశారు.

“లోపల జీర్ణాశయం పైభాగాన బ్యాండ్ బిగిస్తామండి, కొంచెం తినగానే కడుపు నిండేలా. ఐదు చిన్న గాట్లు పెడితే లోపల కుట్లు వేయడానికి పరికరాలు బాగా ఆడతాయి. బొడ్డు దగ్గర ఒక్క గాటే అయితే మచ్చ కనపడదు. కానీ పని ఇరుకు.”

“ఒకటే పెట్టేయండి సార్. అక్కకి ఒంటినిండా మచ్చలెందుకు?” అన్నాడు లాజరు.

“మచ్చ పడేది నా పొట్ట మీదరా, నీ మొహం మీద కాదు!” అంది ప్రిస్కిల్లా. “ఐదూ పెట్టండి సార్. ముందు ఒకటి చెప్పండి. ఆ బ్యాండ్ జారితే నాకెలా తెలుస్తుంది? ఎవరు చూస్తారు?”

డాక్టర్ పెన్ను పక్కన పెట్టారు.

“వాంతులు ఆగవండి. మంచినీళ్లు కూడా దిగవు. మామూలేలే అనుకోకుండా వెంటనే వచ్చేయాలి. ఏ వేళైనా నేనే చూస్తాను.” బొమ్మ గీసిన కాగితం మడుస్తూ అన్నారు: “ఒకమ్మాయికి ఈ మాట నేను గట్టిగా చెప్పలేదు. ఇంటి దగ్గరే ఉండిపోయింది. దక్కలేదు.”

లాజరు నేల చూపులు చూశాడు.

“ఇది అడగమని మీకెవరు చెప్పారు?” అన్నారు డాక్టర్.

“బయట ఒక పెద్దావిడండి. మావాడు వెళ్లగొట్టాడు. నేనూ ఊరుకున్నాను.”

డాక్టర్ గబగబా మెట్లదాకా వెళ్లారు. ఎవరూ లేరు. తిరిగొచ్చి కూర్చున్నారు.

“ఆవిడ ఆ అమ్మాయి తల్లా అండీ?” అడిగింది ప్రిస్కిల్లా.

“అవునండి. ఏడాదిగా నా పేషెంట్లతోనే మాట్లాడుతోంది, నాతో మాట్లాడదు.”

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

“ఆవిడ నాకూ అమ్మేనండి.”