కొన్నవాళ్ల మాట

"ఆన్‌లైన్ షాపా, సొంత సైటా? ఇవాళ తేల్చేయండి మేడమ్," అంది వెబ్‌సైట్లు చేసే అమ్మాయి, డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ తెరుస్తూ.

ఆ ఇంటావిడ గుడ్డ సంచులు కుడుతుంది. బావగారి ఆఫీసులో ఫోన్లెత్తే ఉద్యోగం మానేసి మరీ మిషను ముందు కూర్చుంది. మూడు నెలల్లో నిలదొక్కుకోకపోతే మళ్లీ ఆ కుర్చీలోకే వెళ్లాలని ఇంట్లో ఒప్పందం. ఆ కుర్చీ మాటెత్తితే చాలు, ఆమె మిషను ఇంకా జోరుగా తొక్కుతుంది.

"సైటే మేలు," అన్నాడు భర్త. "సీఎంఎస్ అని రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ ఉంది, దాంతో సొంతంగా కట్టుకోవచ్చు. ఫొటోలు పెట్టుకో, నాలుగు ముక్కలు రాసుకో. చూసినవాళ్లు మెచ్చుకుంటారు."

"మెచ్చుకుంటే చాలదండీ, కొనాలి."

"ఆన్‌లైన్ షాపంటే అద్దె కొంప. నెలనెలా కడుతూ ఉండాలి."

"కానీ అన్నీ అమర్చే ఉంటాయి సార్," అంది అమ్మాయి. "బుట్ట, చెల్లింపు, రివ్యూలు. కొన్నవాళ్లు తప్ప ఇంకెవరూ రివ్యూ రాయలేరు. అందుకే జనం నమ్ముతారు."

భర్త కాసేపు గడ్డం గోక్కున్నాడు.

"సరే, షాపే పెట్టుకో."

మొండిఘటం ఇంత తేలిగ్గా దిగొచ్చాడేమిటా అని ఆమె ఆశ్చర్యపోయింది.

షాపు తెరిచిన వారానికే ఆర్డర్లు మొదలయ్యాయి. ఆమెకి కాలు ఒకచోట నిలవలేదు. ఒక్కో సంచినీ ఇస్త్రీ చేసి, పార్సెల్ కట్టి, గుండ్రటి అక్షరాలతో అడ్రసు రాసేది. ఆఫీసుకి వెళ్తూ వాటిని కొరియర్‌లో ఇచ్చే పని భర్తే నెత్తిన వేసుకున్నాడు.

తర్వాత రివ్యూలొచ్చాయి. "మొదటిరోజే కుట్టు ఊడింది." "రంగు దిగి బట్టలన్నీ పాడయ్యాయి." "దీనికి ఒక్క స్టారూ దండగే."

కొన్నది పదకొండుమంది. పదకొండుమందీ దుమ్మెత్తిపోశారు. రోజూ వందమంది షాపులోకి తొంగిచూసి, అవి చదివి, అటునుంచి అటే వెళ్లిపోయేవారు. ఆమె ఒక సంచిని గుంజి చూసింది. నీళ్లలో నానబెట్టి చూసింది. కుట్టు ఊడలేదు, రంగు దిగలేదు. అయినా అంతమంది పనిగట్టుకుని అబద్ధమాడతారా? లోపం తన చేతుల్లోనే ఉందనుకుంది.

మూడో నెల నిండకుండానే షాపు మూసేసి, వెక్కివెక్కి ఏడ్చింది. భర్త తల నిమిరాడు.

"ముందే చెప్పానా? పోనీలే. అన్నయ్య ఆ కుర్చీ ఇంకా ఎవరికీ ఇవ్వలేదు."

మర్నాడు ఆమెను అక్కడ దింపి వెళ్తూ, అతను దారిలో కారు ఆపి, పదకొండు పేర్లతో తను కొన్న పదకొండు సంచుల్నీ, పార్సెల్ కట్టయినా విప్పకుండా, డిక్కీలోంచి తీసి చెత్తకుండీలో పడేశాడు.