అయిదంతస్తుల కేకు

"పైన కాదు, అడుగున కోస్తాను," అంది పెళ్ళికొడుకు తల్లి బురుల్‌కన్, కత్తి చేతబట్టుకుని.

పెళ్ళికూతురి తల్లి సైరాకన్ గబగబా కేకు దగ్గరికి వచ్చింది.

అమ్మాయిని అత్తారింటికి సాగనంపే విందు అది. ఆపిల్ చెట్ల కింద వేసిన బల్లల చుట్టూ వియ్యాలవారు నలభై మంది కూర్చున్నారు. నడుమ బల్లమీద, నూనెలో వేయించిన బోర్సోక్ పిండిబిళ్ళల గుట్టలమధ్య, అయిదంతస్తుల తెల్లటి కేకు నిలబడి ఉంది. అందులో తినడానికి పనికొచ్చేది పైన టోపీ అంత ఉన్న ఒక్క అంతస్తే. కింది నాలుగూ గుడారాల చుట్టూ కట్టే ఉన్నికంబళ్ళు.

చేతిలో డబ్బు ఆడక పెళ్ళికూతురు జయ్‌నాగుల్ అన్నీ తనే చేసుకుంది. కిటికీ తెర విప్పి పెళ్ళిగౌను కుట్టింది. పాత మ్యాపుల వెనకవైపు శుభలేఖలు రాసింది. పెళ్ళికొడుకు తాలాయ్ ఎవరో స్నేహితుడి దగ్గర అడిగి తెచ్చిన కంబళ్ళకి సుద్ద రుద్ది మీగడలా తెల్లబరిచి, గుండ్రంగా చుట్టి, అంచుల వెంట దువ్విన ఉన్నిని క్రీములా అద్దింది. అడుగు అంతస్తు కుంగకుండా లోపల ఓ రేకుతొట్టి బోర్లించింది. ఎంత బాగా కుదిరిందంటే, పొద్దుటినుంచీ ఊళ్ళో ఈగలన్నీ ఆ ఉన్నిమీదే ముసురుకున్నాయి. అసలు కేకు వంక ఒక్కటంటే ఒక్కటి చూడలేదు.

"పైదే కొయ్యండి వదినగారూ! తేనె కేకు. మీకోసం నా చేత్తో చేశాను," అంది సైరాకన్.

"ఆ టోపీ అంత ముక్క మా చుట్టాల పళ్ళసందులకైనా చాలదు. విందుకెళ్ళి వట్టిచేతుల్తో వచ్చిందని మా వీధి వీధంతా నవ్వొద్దూ? ఇవిగో, సంచులు కూడా తెచ్చుకున్నాం."

వెనక ఆవిడ చుట్టాలు ఒక్కసారిగా సంచులు దులిపారు.

"అన్నీ ఇంట్లోనే చేసుకున్నారట. కేకు దగ్గర మాత్రం పిసినారితనం చెయ్యకండి," అని బురుల్‌కన్ అడుగు అంతస్తులో కత్తి గుచ్చింది.

కత్తి దిగలేదు. మోచెయ్యి పెట్టి నొక్కింది. అయినా దిగలేదు. పైకి లాగితే మొనకి ఓ ఉన్నిపీచు వేలాడుతూ వచ్చింది.

"ఇది కేకా, గొర్రా?"

కొముజ్ వాయిస్తున్న ముసలాయన తీగల మీద చెయ్యి ఆపేశాడు. నలభై మందీ మెడలు చాచారు. జయ్‌నాగుల్ మొహం తను తొడుక్కున్న కిటికీ తెరకన్నా తెల్లగా పాలిపోయింది. ఇప్పుడు నోరు పెగలకపోతే, బతికినన్నాళ్ళూ పిల్లని ఆ ఇంట్లో ఉన్నికేకు కోడలనే పిలుస్తారు.

సైరాకన్ చప్పట్లు చరిచింది. "హమ్మయ్య! కనిపెట్టేశారు!"

"ఏం కనిపెట్టాను?"

"మీకు పెట్టే కానుకని! మా వైపు వియ్యపురాలికి పెట్టేది పళ్ళెంలో పెట్టి ఇవ్వం వదినగారూ, కేకులో దాస్తాం. ఆవిడ ఎక్కడ కత్తి పెడుతుందా అని చూస్తాం. పైన కోస్తే తిండి మనిషి. అడుగున కోస్తే ఇల్లు నిలబెట్టే మనిషి!"

బురుల్‌కన్ కత్తి కిందికి దించింది. "నేనెప్పుడూ వినలేదే ఈ ఆచారం?"

"మా ముత్తవ్వ నాటిది. ఈ మధ్య అందరూ మర్చిపోయారు."

అప్పటికి ఆ ఆచారం పుట్టి అర నిమిషమైంది.

సైరాకన్ తేనె కేకుని అవతల పెట్టి, చుట్టలు ఒక్కొక్కటే విప్పి బల్లమీద పరిచింది. బురుల్‌కన్ కంబళి అంచు మడిచి చూసింది, బుగ్గకి ఆనించుకుంది, వాసన కూడా చూసింది.

"అబ్బ! ఏం పనితనం! మా అమ్మ చేసిచ్చిన కంబళ్ళున్నాయి మా ఇంట్లో. ఊరంతా మెచ్చుకునేవాళ్ళు. వీటిముందు అవి దిగదుడుపే!"

"నాకో రెండు ఇవ్వవే అక్కా," అంది ఆవిడ చెల్లెలు.

"చెయ్యి తియ్! అడుగున కోసింది నేను. నాలుగూ నావే!"

నవ్వులు గుప్పుమన్నాయి. కొముజ్ మళ్ళీ మోగింది. పెళ్ళికొడుకు మేనమామ రేకుతొట్టి కూడా తమకు పెట్టిందే అనుకుని చంకలో ఇరికించుకున్నాడు. రేపటినుంచి బట్టలు ఎందులో ఉతుకుతామన్నది సైరాకన్‌కి తట్టనే లేదు. తొట్టి పోతే పోయింది, పరువు దక్కింది. పెద్దలు అరచేతులు మొహానికి రాసుకుని "ఓమిన్" అని దీవించారు. బురుల్‌కన్ వియ్యపురాలిని కావిలించుకుని, కంబళ్ళని ఎవరి చేతికీ ఇవ్వకుండా తనే భుజాన వేసుకుని బండివైపు నడిచింది.

అప్పుడు గుర్తొచ్చింది సైరాకన్‌కి, ఆ కంబళ్ళు అరువు తెచ్చినవని. తాలాయ్‌ని చొక్కా పట్టుకుని ఆపిల్ చెట్టు చాటుకి లాక్కెళ్ళింది.

"నా కొంప మునిగింది నాయనా! పరాయివాళ్ళ సొమ్ము మీ అమ్మ భుజాన పెట్టేశాను. అలాంటివి నాలుగు చెయ్యాలంటే నాకు రెండేళ్ళు పడుతుంది. ఆ స్నేహితుడికి ఏం చెబుతావు?"

తాలాయ్ నవ్వు ఆపుకోలేక చెట్టు పట్టుకున్నాడు.

"స్నేహితుడూ లేడు, గీహితుడూ లేడత్తయ్యా! అమ్మకి తెలీకుండా మా ఇంటి కొట్టుగదిలోంచి లాగిన కంబళ్ళు మళ్ళీ ఆ గదికి ఎలా చేర్చాలా అని వారంనుంచి చస్తున్నాను, మీరు ఆవిడచేతే మోయించారు!"