జానెడు సందు

"ఆపేద్దామే, నా మాట విను," అంది అక్క.

"ఓడిపోతే ఏడుస్తాను, అంతే. మధ్యలో వదిలేశావో, నీకూ నాకూ ఇక మాటల్లేవు," అంది చెల్లి. ఆ నాలుగు మాటలకే ఆమె నాలుక తడబడింది.

అక్క ఆమె ముంజేయి పట్టుకుని చూసింది. నిప్పులు చెరిగే ఎండ. ఎదుటి జట్టు అమ్మాయిలిద్దరూ చెమటతో తడిసి ముద్దయి ఉన్నారు. చెల్లి చెయ్యి మాత్రం కాలిన పెనంలా పొడిగా ఉంది.

"నీకు చెమట కూడా ఆగిపోయిందే!"

"మంచిదేగా, బంతి జారదు." నవ్వబోయింది చెల్లి. పెదవులు పగిలి నవ్వు రాలేదు.

కోర్టు చుట్టూ కట్టిన తాడు అవతల కూర్చున్న పెద్దాయన పక్కవాణ్ణి అడుగుతున్నాడు. "సముద్రం జాడే లేదు, ఇది బీచ్ వాలీబాల్ ఎలా అయిందయ్యా?"

"ఇసుక మేం పోయించాం బాబాయ్, సముద్రం మీరు తెప్పించండి."

అందరూ గొల్లుమన్నారు. అక్క మాత్రం నవ్వలేదు. మామూలు వాలీబాల్ అయితే ఆరుగురు ఆడతారు, ఒకరు అలిసిపోతే బెంచీ మీది మనిషి లేచి వస్తుంది. ఇక్కడ జట్టుకు ఇద్దరే. బదులు ఆడేవాళ్లు ఉండరు. ఒకరు కూలబడితే ఆట అప్పగించినట్టే.

ఈల మోగింది. ఆఖరి సెట్. ఎదుటివాళ్లకు ఇంకొక్క పాయింటు వస్తే చాలు. రాకపోతే స్కోరు సమమవుతుంది. అప్పుడు ఎవరో ఒకరికి రెండు పాయింట్ల తేడా వచ్చేదాకా ఈ ఎండలో ఆడుతూనే ఉండాలి.

చెల్లి సర్వీసు చేసింది. అవతలి పొడుగమ్మాయి అందుకుని, తన జోడీ పైకి లేపిన బంతి మీదికి ఎగిరింది. నెట్ దగ్గర అక్క కూడా రెండు చేతులూ చాచి ఎగిరింది. బంతి రివ్వున దూసుకుపోయి వెనక గీతకు అవతల పడింది.

"అవుట్!" అన్నాడు రిఫరీ.

జనం ఈలలు వేశారు. చెల్లి పిడికిలి పైకెత్తబోయి మోకాళ్ల మీద ఇసుకలో కూలబడింది. లేవబోయి మళ్లీ కూర్చుంది.

అక్క చెయ్యెత్తింది. "సార్, నాకు తగిలి వెళ్లింది."

"నిజంగానా?"

"చిటికెన వేలికి."

అడ్డుకున్నవాళ్ల చేతికి తగిలి బయట పడితే పాయింటు కొట్టినవాళ్లదే. రిఫరీ చెయ్యి అవతలి జట్టు వైపు చాపాడు. ఆట అయిపోయింది. జనమంతా అక్క కోసం చప్పట్లు కొట్టారు. పెద్దాయనైతే లేచి నిలబడ్డాడు.

"ఆయన అడిగాడా నిన్ను? నోరు మూసుకుంటే నీ సొమ్మేం పోయింది?" చెల్లి అరవబోయింది. గుసగుసలాగే వచ్చింది. అక్క ఆమెను భుజాన ఆనించుకుని నీడలోకి తీసుకెళ్లి, తల మీద చల్లటి నీళ్లు కుమ్మరించింది. మెడకింద ఐసు ముక్కలు పెట్టింది. డాక్టరమ్మ పరుగున వచ్చి చెయ్యి పట్టుకుని చూసి, "ఇంకాస్త ఆడుంటే మనిషి దక్కేది కాదు," అని గొణిగింది.

చాలాసేపటికి చెల్లి కళ్లు తెరిచింది. "పోనీలే అక్కా. తగిలిందాన్ని తగల్లేదని గెలిస్తే మాత్రం నాకు నిద్ర పట్టేదా?"

అక్క బకెట్టు తీసుకుని నీళ్లకు బయల్దేరింది. కుళాయి దగ్గర పొడుగమ్మాయి ఎదురొచ్చింది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"అక్కా, ఆ బంతికీ మీ వేలికీ మధ్య జానెడు సందుంది."

అక్క చేతిలో బకెట్టు ఆగిపోయింది. "మరి అప్పుడే రిఫరీకి చెప్పలేదేం?"

"నెట్ దగ్గర మీరు నా వైపు తిరిగి ఉన్నారు. మీ చెల్లి ముఖం ఆటంతా నాకు ఎదురుగానే ఉంది."