ఇసుక కట్టలో రాళ్ళు

"ఏందమ్మా నువ్వు చేసే పని? కట్టంతా కెలికి పెడితివే" అన్నాడు గంగాధర్.

కట్ట వాలులో కూర్చున్న ఆనందమ్మ తల తిప్పి చూసింది. ఒళ్ళో పరుచుకున్న తువ్వాలు నిండా గులకరాళ్ళు.

"బియ్యంలో రాళ్ళేరినట్టేలే నాయనా. ఊరికే కూర్చుంటే నాకు తోచదు."

గంగాధర్‌కి ఒళ్ళు మండింది. మండదా మరి. ఎండనక గాలనక పారతో తట్టి తట్టి ఆ కట్టని గోడలా నున్నగా చేశాడు. ఈవిడేమో కోడి కెలికినట్టు గుంటలు చేసి పెట్టింది.

జహ్రా ఊరికి అవతల ఎడారిలో ఉన్న ఆ తోట వాళ్ళ కఫీల్‌ది, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న అరబ్బు యజమానిది. పనివాళ్ళందరూ ఆయన్ని బాబా అంటారు. అమెరికాలో చదువుకుంటూ, చదువుతోపాటు ఒక పిచ్చి కూడా తెచ్చుకున్నాడు. చలికాలం శుక్రవారాల్లో స్నేహితులంతా పెద్ద టోపీలు, బూట్లు తగిలించుకుని పాతకాలం తుపాకులతో ఇనప పలకల్ని కొట్టే పోటీ. కౌబాయ్ ఆట. ఎవడి పిచ్చి వాడికానందం.

ఈసారి మాత్రం ఆటకి భద్రమైన రేంజ్ కట్టాలన్నాడు. తూటా బయటికి పోకుండా మూడు వైపులా ఎత్తుగా ఇసుక కట్ట. తగిలిన తూటా నేలలోకే దిగేట్టు పలకలు ముందుకి వంచి బిగించాలి. తుపాకి నింపడానికో బల్ల, ఖాళీ చేయడానికింకో బల్ల. లోపల మనిషి ఉంటే ఎర్రజెండా.

ఇదంతా మిర్కాబ్‌లో బాబా ఆఫీసు కారు నడుపుకునే గంగాధర్ నెత్తిన పడింది.

అతను కిక్కురుమనలేదు. పెళ్ళాం రమాదేవికి మూడో నెలప్పుడు రాయచోటి వదిలి వచ్చాడు. ఇప్పుడు కూతురు పాకుతోందట. ఇంకా పిల్ల మొహం చూళ్ళేదు. రెండేళ్ళు నిండందే సెలవు దొరకదు. అలాంటిది, శుక్రవారం మొదటి పోటీ ఏ లోటూ లేకుండా జరిగితే ఆదివారమే విమానం ఎక్కిస్తానని బాబా మాటిచ్చాడు.

ఆనందమ్మది రాజోలు వైపు. సల్వాలో బాబా ఇంట్లో పని. గడువు తీరిపోయి గురువారం ఇంటికి పోతోంది. ఆఖరి వారం తోటలో వంటకి సాయం చేస్తానని ఇంటి యజమానురాలు మామాని అడిగి మరీ వచ్చిందట. వంట సంగతి దేవుడెరుగు, ఎప్పుడు చూసినా కట్ట మీదే ఉంటుంది.

"పాపకేం పేరెట్టారు నాయనా?" అని అడిగింది.

"నేను బోయినాకనే పెడతారు. ఈ గుంతలు బాబా సూసినాడంటే నా సెలవు గోవిందా. లెయ్యమ్మా, నీకు దణ్ణం పెడతా."

"ఆ చివర కొంచెమే మిగిలింది. అది కూడా ఏరేసి పోతాను."

అప్పుడు నోరు జారాడు గంగాధర్. "నువ్వు ఇంటికి పోతా పోతా నా నోటికాడ కూడు తియ్యాలనుందా?"

ఆనందమ్మ తువ్వాలు మూటగట్టుకుని మెల్లగా దిగిపోయింది.

గురువారం ఆవిడని ఎయిర్‌పోర్టులో దింపి రమ్మంటే, పని ఉందని తప్పించుకున్నాడు. గుంటలన్నీ సర్ది, కట్టని మళ్ళీ నున్నగా తట్టాడు. హమ్మయ్య అనుకున్నాడు.

శుక్రవారం ఆట బ్రహ్మాండంగా సాగింది. తుపాకి పట్టిన ప్రతివాడి కళ్ళకీ అద్దాలున్నాయి. పక్కన జెండా పట్టుకుని నిలబడ్డ గంగాధర్‌కి కూడా ఇవ్వాలని ఎవరికీ తట్టలేదు. అతని ధ్యాసంతా ఆదివారం మీదే.

తప్పిన తూటాలు ఇసుకలో మెత్తగా దిగిపోతున్నాయి.

ఆఖరి ఆటగాడు ఆఖరి పలకని తప్పాడు. తూటా కట్ట చివర, ఆనందమ్మని లేపి పంపేసిన చోట తగిలింది. లోపలున్న రాయి పగిలి పెంకు ఎగిరొచ్చింది. గంగాధర్ చెంప పట్టుకుని కూలబడ్డాడు. వేళ్ళ సందుల్లోంచి రక్తం.

బాబా పరుగెత్తుకొచ్చి తానే చెయ్యి తీసి చూశాడు. కంటికి కాస్త కిందగా చీరుకుంది. చూపుకేమీ కాలేదు. ఆయన మొహంలో నెత్తురు లేదు. టోపీ తీసేసి, ఆట ఖలాస్ అన్నాడు. ఆదివారం నువ్వు ఇంటికి వెళ్ళు, మాట మాటే అని కూడా అన్నాడు.

గంగాధర్ కళ్ళు కట్ట మీదే ఉన్నాయి. లేచి వెళ్ళి చేత్తో తవ్వి చూశాడు. అంత పొడుగు కట్టలో, ఆనందమ్మ చెయ్యి అందినంత మేర, ఇంకెక్కడా ఒక్క రాయి తగల్లేదు. ఎంత మాటన్నాను ఆ తల్లిని, అనుకున్నాడు.

వంటవాడు బాబ్జాన్ గాయం కడుగుతూ కళ్ళు తుడుచుకున్నాడు. అతనిదీ కడప వైపే.

"రాళ్ళుంటే ఇట్లయితాదని ఆయమ్మకి తెలుసునా?" అన్నాడు గంగాధర్.

"తెలుసన్నా."

"మల్ల నాకొక మాట జెప్పుండచ్చు గదా."

"నాతో కూడా చెప్పొద్దనింది. నువ్వు భయపడి జెండా కాడ నిలబడనంటే సెలవు పోతాదంట. బిడ్డను సూడాల్సినోడు, పాపం, రాళ్ళు నేనే ఏరేస్తా అనింది."

"నేనేమైతానని నామీద ఆయమ్మకి అంత ఇది?"

బాబ్జాన్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. ఈ సంగతి ఎత్తొద్దని బాబా గట్టిగా చెప్పాడట, అయినా చెప్పేశాడు.

గంగాధర్ ఇక్కడికి రాకముందు, ఎడారి మట్టీ రాళ్ళూ కలిపి పోసిన కుప్ప పక్కన ఇలాగే జెండా పట్టుకుని నిలబడి, కన్ను పోగొట్టుకుని ఇంటికి చేరిన డ్రైవర్ సైమన్, ఆనందమ్మకి ఒక్కగానొక్క కొడుకు.